పిన్ని చెప్పిన సాక్ష్యం

నా పెళ్లి చెడగొట్టిన ఆకాశరామన్న ఉత్తరం ఎవరు రాశారో నాకు పదహారేళ్ల తర్వాత తెలిసింది. అదీ మా ఊరి గుడిలో, ఆదివారం ఆరాధన మధ్యలో, ఊరంతా వింటుండగా. చెప్పింది రాసిన మనిషే. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవుల్లో హోరు మొదలవుతుంది.

ముందు ఆ ఉత్తరం సంగతి చెప్పాలి.

మాది వత్సవాయి దగ్గర చిన్న ఊరు. మా వీధిలో అందరం క్రైస్తవులమే. చర్చిని గుడి అనే అంటాం. అమ్మ, పిన్ని సొంత అక్కచెల్లెళ్లు. ఇద్దరూ ఒకే ఊరికి కోడళ్లుగా వచ్చారు, ఇద్దరి భర్తలూ తొందరగానే పోయారు. ఒక గోడకి ఇటు అమ్మా నేనూ, అటు పిన్నీ చెల్లీ. అమ్మ పత్తి తీతకో మిరప కోతకో వెళ్లిన రోజు నాకు జడ వేసేది పిన్ని, అన్నం కలిపి పెట్టేది పిన్ని. నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. అయిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. మా అమ్మకి సంతకం కూడా రాదు.

చెల్లి నాకంటే రెండేళ్లు చిన్న. దానికి పదేళ్లప్పటినుంచి ఫిట్స్ వచ్చేవి. ఆ సంగతి రెండిళ్లు దాటి బయటికి పోలేదు. వచ్చినప్పుడు నేను దాని తల ఒళ్లో పెట్టుకుని పక్కకి తిప్పి పట్టుకునేదాన్ని. పిన్ని తాళాల గుత్తి తెచ్చి దాని పిడికిట్లో పెట్టేది. అవి పెడితే తగ్గుతుందని అప్పట్లో మా అందరి నమ్మకం. కాసేపటికి చెల్లి కళ్లు తెరిచి, ప్రతిసారీ ఒకటే అడిగేది. "అక్కా, వాన పడిందా?" మండుటెండలో కూడా అదే మాట. ఎందుకలా అడిగేదో ఎవరికీ తెలియదు. పూర్తిగా తెలివి వచ్చాక తను అలా అడిగినట్టు దానికే గుర్తుండేది కాదు.

నాకు ఇరవైమూడేళ్లప్పుడు టీచర్ ట్రైనింగ్ అయిపోయి జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. చందర్లపాడు వైపు నుంచి సంబంధం వచ్చింది. ఆయన కూడా టీచరే. ప్రధానం అయింది. మా గుడిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, ఫలానా వారి అమ్మాయికీ ఫలానా వారి అబ్బాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని. రెండు ఆదివారాలు చదివారు. రెండోసారి నా పేరు వినగానే పక్కన కూర్చున్న పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సంతోషమనుకున్నాను.

మూడో ఆదివారం చదవలేదు.

ముందురోజు పాస్టరుగారు మా ఇంటికి వచ్చారట. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "నీకు ఫిట్స్ ఉన్నాయని అయ్యగారికి ఎవరో ఉత్తరం రాశారంట. వాళ్లకీ ఒకటి పంపారంట," అంది. నాకు మొదట నవ్వొచ్చింది. నాకా? తర్వాత అక్కడే కూలబడ్డాను. డాక్టరు దగ్గరికి వెళ్లి కాగితం తెస్తానని కబురు పంపించాను. కాగితాలు ఎవరైనా తెస్తారు అన్నారు వాళ్లు. అంతటితో సరి.

సంబంధం పోయినందుకు నేను పెద్దగా ఏడవలేదు. ఆ మనిషిని నాలుగుసార్లు చూసి ఉంటానేమో. తర్వాత మొదలైంది అసలు సంగతి. స్కూల్లో, "చిన్న పిల్లల్ని రోడ్డు దాటించే డ్యూటీ నీకొద్దులేమ్మా," అన్నారు. పెళ్లి భోజనాల్లో ఆడవాళ్లు నా మొహం వదిలి చేతులు చూసేవాళ్లు, వణుకుతున్నాయేమోనని. పక్కింటి కోడలు తన బిడ్డని నాకు ఎత్తుకోనివ్వడం మానేసింది. అందరూ అంటుంటే నాకే అనుమానం పట్టుకుంది. తెల్లారుజామున మెలకువ రాగానే వేలితో నాలుక తడుముకునేదాన్ని, నిద్రలో కొరుక్కున్నానేమోనని. మూడేళ్లు తడుముకున్నాను. ఆ మూడేళ్లూ పిన్ని నా తలకి నూనె రాస్తూ, "పోనీలే తల్లీ, దేవుడు అంతకంటే మంచిది చూపిస్తాడు," అంటూ ఉండేది.

ఆ తర్వాత నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. మొదటి సంవత్సరంలోనే చెల్లిని విజయవాడ తీసుకెళ్లి నరాల డాక్టరుకి చూపించాను. మాత్రలు మొదలుపెట్టాక ఏడాదికే ఫిట్స్ ఆగిపోయాయి, మళ్లీ రాలేదు. అది కుట్టు నేర్చుకుని పేటలో చిన్న కుట్టు షాపు పెట్టుకుంది, అక్కడే గది తీసుకుని ఉంటోంది. జగ్గయ్యపేటని మేం పేట అంటాం. నాకు ఇరవై ఎనిమిదో ఏట పెళ్లయింది. చూడ్డానికి వచ్చినప్పుడు ఉత్తరం సంగతి నేనే ఆయనకి చెప్పేశాను. "వస్తే నేను పట్టుకుంటాలెండి," అన్నాడు. అంతే. నందిగామలో కాపురం, ఇద్దరు పిల్లలు. ఆ ఉత్తరం ఎవరు రాశారా అని ఆలోచించడం కూడా మానేశాను.

కిందటేడు వానలు తగ్గాక మా ఊరి గుడిలో మూడు రోజులు ప్రత్యేక కూడికలు పెట్టారు. ఆఖరి రోజు ఆదివారం. నేనూ చెల్లీ ఇద్దరం వెళ్లాం. ఆడవాళ్ల వైపు పట్టాల మీద అమ్మ, చెల్లి, నేను ఒక వరస. పిన్ని మా ముందు వరసలో ఉంది. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు క్షమాపణ గురించి మాట్లాడాడు. దాచిపెట్టిన పాపం ఎముకల్ని తినేస్తుందని, ఇవాళ ఇక్కడే ఒప్పుకుని తేలికైపోండని అరిచి చెప్పాడు. సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నాడు.

పిన్ని లేచింది. ఆరోగ్యం బాగైందనో, పంట బాగా వచ్చిందనో చెబుతుందనుకున్నాను. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"మా అక్క కూతురికి ఫిట్స్ ఉన్నాయని ఉత్తరాలు రాసింది నేనే," అంది.

గుడిలో ఎవరో దగ్గారు.

"ఎడం చేత్తో రాశా. దానికి ఏ జబ్బూ లేదు. జబ్బు నా కూతురికి. ఆ పిల్ల పేరు గుడిలో చదువుతుంటే నా బిడ్డ పేరు ఎప్పటికీ చదవరు కదా అనిపించింది. నా కూతురి జబ్బు తీసుకెళ్లి దాని మీద రాశా. పదహారేళ్లు మోశానయ్యా. ఇంక మోయలేను."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల వంచుకుని ఉంది. నా తలకి నూనె రాసిన చేతులు కళ్లముందు కనిపిస్తున్నాయి. ప్రసంగీకుడు "స్తోత్రం! దేవునికి స్తోత్రం!" అని గట్టిగా అన్నాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు! ఆ తర్వాత ఆయన మైకులో, "ఆ సహోదరి ఇక్కడే ఉందా? ముందుకు రామ్మా. వచ్చి మీ పిన్నిని కౌగిలించుకో. సాతాను సిగ్గుపడాలి," అన్నాడు.

వందమంది మెడలు తిప్పి నన్ను చూస్తున్నారు. నేను లేవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాను. అంతలో పక్కన చెల్లి లేచింది. అప్పుడు గాని నాకు తట్టలేదు. పిన్ని తన పాపం ఒక్కటే చెప్పుకోలేదు. ఇరవై ఏడేళ్లుగా రెండిళ్లలో దాచిన చెల్లి జబ్బుని మైకులో ఊరికి చెప్పేసింది. చెల్లి ఎవరి వైపూ చూడకుండా పట్టా దాటి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

నేను ముందుకు వెళ్లలేదు. చెల్లి చెప్పులు చేత్తో పట్టుకుని దాని వెనకాల పరిగెత్తాను.

రోడ్డు మీద బస్సు షెల్టరులో కూర్చుని ఉంది. పత్తి నింపిన గోనె బోరేలు వేసుకుని ట్రాక్టరు ఒకటి పోతోంది. అది దాటిపోయాక చెప్పులు చెల్లి కాళ్ల దగ్గర పెట్టాను.

"నాకు తెలీదక్కా," అంది. "ఒట్టు. నాకు నిజంగా తెలీదు."

"నీకెట్లా తెలుస్తుందే?"

"నా జబ్బు నీకు అంటగట్టింది. ఇన్నేళ్లూ నువ్వు నా మాత్రలు కొనిపెట్టావు. నేను నీ మొహం ఎట్లా చూడాలి?"

"నువ్వేం చేశావని?"

చెల్లి ఏడవడం లేదు. దాని మొహం తెల్లగా పాలిపోయింది. "నీ సంగతి చెప్పింది, నా సంగతి చెప్పింది, చప్పట్లు కొట్టించుకుంది. చెప్పే ముందు మనల్ని ఒక్క మాట అడిగిందా? తను తేలికైపోయింది. బరువు నా నెత్తిన పెట్టింది," అంది. ఆటో ఆపి ఎక్కి పేటకి వెళ్లిపోయింది.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ కూర పొయ్యి మీద పెట్టి ఉంది. ఇలాంటి రోజు కూర వండుతోంది! గుమ్మంలోంచే అడిగాను.

"నీకు తెలుసా?"

"తెలుసు."

నేను తెలియదంటుందనే అడిగాను. ఆ మాట వినగానే తలుపు పట్టుకున్నాను.

"ఎప్పట్నుంచి?"

"అయ్యగారు చదివి వినిపించిన రోజునుంచే. అందులో రాసుంది, తెలివొచ్చాక వాన పడిందా అని అడుగుద్దని. ఆ మాట ఎవరికి తెలుసే? చెల్లికే గుర్తుండదు. నువ్వు రాయవు. నాకు రాయడం రాదు. ఇంకెవరు మిగిలారు?"

పదహారేళ్లు. ఆ గోడకి ఇవతల కూర్చుని, అవతలి మనిషితో కూరలు మార్చుకుంటూ, ఒకే ఆటోలో కూలికి వెళుతూ, మా అమ్మ ఈ సంగతి కడుపులో పెట్టుకుంది. పిన్ని రాసిందన్న దానికంటే ఇది నన్ను ఎక్కువ కొట్టింది.

"నాకెందుకు చెప్పలా? నా తరఫున క్షమించడానికి నువ్వెవరు?" అని అరిచాను. అమ్మ మీద అంతకు ముందెప్పుడూ అరవలేదు.

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "చెప్తే ఆ పిల్ల తల మళ్లీ ఒళ్లో పెట్టుకునేదానివా?"

నేను తలుపు వదిలి గుమ్మంలోనే కూర్చున్నాను.

"నీ తరఫున నేనేం చేయలా. నా బిడ్డకి జరిగిందానికి నాకూ నొప్పేగా. ఆ నా నొప్పి మట్టుకు వదిలేశా. నీది నీ దగ్గరే ఉంది. అది నేను ముట్టుకోలా."

"ఎట్లా వదిలావు?"

"ఒక్కరోజులో వదల్లా. ఏడాది పాటు మిరప కోతలో మీ పిన్ని పక్క సాలు పట్టలేదు. ఒకరోజు చెల్లికి గట్టిగా వచ్చింది. నువ్వు బళ్లో ఉన్నావు. తాళాలు వెతుక్కుంటా మీ పిన్ని చేతులు వణికిపోయి కిందపడింది. నన్ను చూసి 'అక్కా' అంది. ఆ మొహం చూశాక ఇంక నాలో ఏం మిగల్లా. ప్రార్థనలో ప్రభువుని అడిగా, నాకు తెలిసిన సంగతి నా నోట్లోంచి రాకుండా చూడమని. రాలా."

ఆ పూట అన్నం తినకుండానే నందిగామ వచ్చేశాను.

ఆ తర్వాత నెలల్లో నన్ను చూసి నేనే నిర్ఘాంతపోయాను. ఆదివారం బడిలో చిన్నపిల్లలకి నేను పాఠం చెబుతాను. క్షమించమని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే చేతులు కలిపించి సారీ చెప్పిస్తాను. అలాంటి నాలో ఇంత విషం ఉందా? పిన్ని ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఇతరుల్ని క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని, తర్వాతి మాటకి మళ్లీ కలిసేదాన్ని. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె నా ముందుకు వస్తే, మనసులో పగ పెట్టుకుని ముట్టకూడదని, తీసుకోకుండా పక్కకి జరిగాను. అయిదు నెలలు అలాగే జరిగాను. ఒక పెద్దావిడ నన్ను ఆపి, "ఆ పెళ్లి చెడిపోబట్టే కదమ్మా నీకింత మంచి భర్త దొరికాడు, అంతా మేలుకే," అంది. మూడేళ్లు నాలుక తడుముకున్న ఆ పిల్ల నాకు గుర్తొచ్చింది. ఆ పిల్లకి ఏం మేలు జరిగింది? ఆవిడకి నమస్కారం పెట్టి వచ్చేశాను.

పేటలో చెల్లికి ఇంకా కష్టమైంది. సంగతి ఊరు దాటి వచ్చింది. ఎప్పట్నుంచో జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ, "మిషను మీద ఉండగా వస్తే ఎట్లాగమ్మా?" అని గుడ్డ వెనక్కి తీసుకుపోయిందట.

మార్చి ఎండల్లో ఒక శనివారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. పిన్ని. రెండు బస్సులు మారి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. లోపలికి రాకుండా గేటు పట్టుకుని నిలబడింది.

"లోపలికి రావద్దంటే ఇక్కడ్నుంచే చెప్పి పోతానమ్మా," అంది.

మంచినీళ్లు ఇచ్చాను. తాగింది.

"ఆ రోజు గుడిలో చెప్తే అయిపోద్దనుకున్నా. నిన్నూ దాన్నీ ముందు అడగాలన్న బుద్ధే పుట్టలా. ఉత్తరం ఒక పాపం, ఆ రోజు మైకు పట్టుకోవడం ఇంకో పాపం. రెండోది మీ అమ్మ చెప్తేగాని నాకు తెలీలా."

ఇది నేను ఊహించలేదు. ఏడుస్తుందని, కాళ్లు పట్టుకుంటుందని, అప్పుడు విదిలించుకుని లోపలికి పోవచ్చని మనసులో సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆవిడ ఏడవలేదు. చేసింది చేసినట్టు చెప్పింది.

"నా దగ్గర కాదు, ముందు చెల్లి దగ్గర చెప్పు," అన్నాను. అని, చెప్పులు వేసుకుని తలుపుకి తాళం పెట్టాను. ఎందుకు బయల్దేరానో నాకే తెలియదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చిల్లకల్లు దగ్గర మలుపు తిరిగేసరికి ఎండ నా మొహం మీద పడింది. పిన్ని ఏమీ ఆలోచించకుండా, చిన్నప్పటిలాగే, పైటచెంగు ఎత్తి కిటికీకి అడ్డం పెట్టింది. ఒక్క క్షణానికి తను చేసిన పని తెలిసి, దించాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. నేను వద్దనలేదు. పేట వచ్చేదాకా ఆవిడ చెయ్యి దించలేదు.

చెల్లి షాపులో ఒక్కతే ఉంది. మమ్మల్ని చూసి మిషను ఆపింది. పిన్ని నోరు తెరవబోతుంటే, "సాక్ష్యం చెప్పొద్దు. నాకు చెప్పు," అంది.

పిన్ని కింద గుడ్డపీలికల మధ్య కూర్చుని చెప్పింది. కూతురి జబ్బంటే తనకెంత సిగ్గో, ఆ సిగ్గే తనచేత ఏం చేయించిందో. చివర్లో, "నీకు జబ్బు వచ్చినందుకు కాదే, నేను సిగ్గుపడినందుకు నన్ను క్షమించు," అంది.

చెల్లి చేతిలో కత్తెర మిషను మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు క్షమించావా అక్కా?"

"క్షమించా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. ఆలోచించి అనలేదు. నిర్ణయించుకుని అనలేదు. అన్నాక చెవులతో విని ఉలిక్కిపడ్డాను. నిజమేనా అని లోపల వెతుక్కున్నాను. అయిదు నెలలుగా గుండె మీద బిగుసుకుని ఉన్నది కాస్త సడలింది. పిన్ని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నేను నీలాగా కాదక్కా. నాకు ఇప్పుడే రాదు," అంది చెల్లి. లేచి టిఫిన్ బాక్సు తీసింది. "అన్నం తిని పో," అంది తల్లితో.

మర్నాడు ఆదివారం. ఆ మాట పూర్తయిపోయిందనుకుని లేచాను. బ్రష్ చేసుకుంటుంటే నాలుకకి తగిలి, కోపం మళ్లీ భగ్గుమంది. ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడు ప్రభువుని అడిగిన పాఠం నేను పిల్లలకి ఏటా చెబుతాను. ఏడు డెబ్బైలసార్లు అన్నాడు ప్రభువు. అన్ని తప్పులు ఎవరు చేస్తారా అనుకునేదాన్ని. తప్పు ఒక్కటే అయినా అన్నిసార్లూ కావలసి వస్తుందని నాకు ఆ పొద్దున తెలిసింది. సింకు దగ్గరే నిలబడి ఇంకోసారి క్షమించాను. ఆ నెల బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాను. అమ్మకి ఫోన్ చేసి, అరిచినందుకు క్షమించమన్నాను. "ఎప్పుడు అరిచావే?" అంది.

చెల్లి ఇప్పుడు షాపుకి కొత్తగా వచ్చిన వాళ్లకి తన జబ్బు సంగతి తనే చెప్పేస్తోంది. "మాత్రలు వాడుతున్నా, పన్నెండేళ్లుగా రాలా, ఇష్టమైతే ఇవ్వండి," అంటుంది. కొందరు వెళ్లిపోతారు. ఎక్కువమంది గుడ్డ ఇచ్చి కొలతలు ఇస్తారు. మంగళవారం, శుక్రవారం పిన్ని పేటకి వచ్చి షాపులో జాకెట్లకి హుక్కులు కుడుతుంది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తింటారు. చెల్లి ఇంతవరకు క్షమించానన్న మాట అనలేదు. పిన్ని మళ్లీ అడగలేదు. వచ్చిన రోజల్లా తలుపు పక్కన కూర్చుని, కళ్లజోడు సరిచేసుకుంటూ, దారం ఎక్కించుకుంటుంది.